దారి చూపేవాళ్లమేనా?

పాపువా న్యూగినీలో 700కు పైగా పక్షి జాతులున్నాయి. వాటిని చూడటానికి దేశదేశాల నుంచి బైనాక్యులర్లతో వస్తారు. కూత విని పిట్ట పేరు చెప్పేది అక్కడి ఆదివాసి. పుస్తకం మీద పేరు మాత్రం వచ్చిపోయేవాళ్లది.

ఈ తీరు మారగలదని కలాం తెగవాడు సయెం మజ్నెప్ చూపించాడు. 1977లో వచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ మై కలాం కంట్రీ’ మీద మొదటి పేరు ఆయనదే. ప్రొఫెసర్ రాల్ఫ్ బుల్మర్ పేరు ఆ తర్వాతే. ఎగరలేని కాసోవరీని కలాంలు పక్షుల్లో కలపరు. బుల్మర్ దాన్ని అజ్ఞానమని కొట్టేయలేదు. ఎందుకలా అని అడిగి రాశాడు.

మన గూడేల్లోనూ పిట్టల పేర్లు ముసలివాళ్ల నోట ఉన్నాయి. పంతుళ్లారా, వాటిని బడిలోకి తెండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దారి చూపిన కూలితో సరిపెట్టుకోకండి. మన భాషలో రాయండి. మన పేరే పెట్టండి.