సంస్కారానికి కుల ధ్రువపత్రం

తీవ్రవాదం గురించి మాట్లాడేటప్పుడు మన చర్చావేదికలు ముస్లిం స్త్రీకి రెండే పాత్రలు ఇస్తాయి. ఆమె అనుమానితుడి తల్లి కావాలి, లేదా సొంత మగవాళ్ల నుంచి రక్షించవలసిన అబల కావాలి. మతోన్మాద హింసను అనుభవించి, హంతకులను గుర్తుపట్టి, కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పిన స్త్రీకి అక్కడ చోటు లేదు. బిల్కిస్ బానో అటువంటి సాక్షి.

2002 మార్చి 3న గుజరాత్‌లోని దాహోద్ జిల్లాలో, ప్రాణభయంతో ఊరు విడిచి పోతున్న ఆమె కుటుంబంపై మూక దాడి చేసింది. అప్పుడామె వయసు 21, ఐదు నెలల గర్భిణి. ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. మూడేళ్ల కూతురితో సహా 14 మంది బంధువులు హతులయ్యారు. స్పృహ వచ్చాక ఆమెకు బట్టలిచ్చి ఆదుకున్నది ఒక ఆదివాసీ మహిళ. పోలీసుల దగ్గర ఆ పాటి మానవత్వం కూడా దొరకలేదు. అత్యాచారం సంగతీ, ఆమె చెప్పిన పేర్లూ ఫిర్యాదులోకి ఎక్కలేదు. చదువురాని ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. స్థానిక కోర్టు కేసును మూసివేసింది. సీబీఐ దర్యాప్తు చేసి, విచారణ ముంబైకి మారితే తప్ప 2008లో 11 మందికి యావజ్జీవ శిక్ష పడలేదు.

ఇదంతా తెలుగు దళితులకు పరిచయమైన దారే. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోశారు. ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవం విధిస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. బాధితుల మాట ఎంత బరువు తూగుతుందో నిర్ణయించడంలో సమాజం వారికిచ్చిన స్థానానికి పాత్ర లేదని ఎవరనగలరు?

2022 ఆగస్టు 15న ఆ 11 మందినీ శిక్ష తగ్గించి విడుదల చేశారు. పూలదండలు వేశారు, మిఠాయిలు తినిపించారు. విడుదలకు సిఫారసు చేసిన కమిటీలో సభ్యుడైన గోధ్రా శాసనసభ్యుడు సి.కె. రావుల్జీ, వారిలో కొందరు బ్రాహ్మణులనీ, బ్రాహ్మణులకు మంచి సంస్కారం ఉంటుందనీ అన్నారు. నేర నిర్ధారణ జరిగిన అత్యాచారానికీ, హత్యలకూ పుట్టుక సమాధానమైంది! వారిలో బ్రాహ్మణేతరులూ ఉన్నారు. అంటే కొందరి కులం ఇచ్చిన యోగ్యతాపత్రం నీడలో మిగతావారూ బయటికి నడిచారు. హిందూత్వ మూకల్లో వెనుకబడిన కులాల యువకులకు దక్కేది ఈ అరువు గౌరవమే. మన జైళ్లలో శిక్ష పడకుండానే ఏళ్లు గడుపుతున్న దళిత, ఆదివాసీ, ముస్లిం ఖైదీల సంస్కారం గురించి ఏ కమిటీ ఆరా తీసింది? అదే సంవత్సరం డిసెంబరులో గోధ్రా ఓటర్లు ఆ శాసనసభ్యుణ్ణి మళ్లీ గెలిపించారు.

విడుదలను సవాలు చేసింది బిల్కిస్ ఒక్కరే కాదు. సుభాషిణి అలీ, రూప్‌రేఖ వర్మ, రేవతి లాల్ వంటి స్త్రీలు ముందే కోర్టుకెక్కారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది. శిక్ష తగ్గించే అధికారం గుజరాత్‌ది కాదనీ, విచారణ జరిగిన మహారాష్ట్రదనీ తేల్చింది. తీర్పులో తనపై చేసిన వ్యాఖ్యలు తొలగించాలంటూ గుజరాత్ ప్రభుత్వం పునఃసమీక్ష కోరితే, ఆ పిటిషన్‌ను కూడా అదే ఏడాది సెప్టెంబరులో తోసిపుచ్చింది. ఇన్నేళ్లలో ఆ ప్రభుత్వానికి పరువునష్టంగా తోచింది ఆ వ్యాఖ్యలే; పూలదండలు కావు.