గోపురమెక్కి చూచునది

వసుచరిత్రము వెలసిన పిదప దానివెంట పిల్ల వసుచరిత్రలు బయలుదేరినవి. ఏండ్ల తరబడి సాగు వీడియో ఆటల వరుసలన్నియు అట్టి అనుకరణములే యని కొందరి ఆక్షేపణ. అట్టివి లేకపోలేదు, కాని ‘అన్నియు’ అనుట నేనొప్పుకొనజాలను.

2007 నాటి ‘అసాసిన్స్ క్రీడ్’లో ఎత్తైన కట్టడమెక్కినంతనే చుట్టుపట్ల చేయదగిన పనులు పటముపై గుర్తులై మొలచును. నాకది పరీక్షల గైడువలె తోచును. ఆ పద్ధతియే తరువాత ఫ్యాషనయ్యెను. జపానులో నింటెండో సంస్థ 1986లో ఆరంభించిన ‘జెల్డా’ వరుస కూడ 2017 నాటి ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో గోపురములను నిలిపినది. అయితే అచట ఎక్కినవానికి దొరకునది కొండలు, వాగులు గల పటమే. విశేషములను తన కంటితో వెదకి, తానే గుర్తు పెట్టుకొనవలెను. 2023 నాటి తరువాయి భాగము మరల ఆ నేలనే వాడుకొన్నను, దొరికిన వస్తువులనతికించి బండ్లు, పడవలు కట్టుకొను వీలు కల్పించినది.