మామ చిట్టా, నా డేటాబేస్

తాడిపత్రి అంటే నాపరాళ్ళు. ఊరి చుట్టూ ఎటు చూసినా పాలిషింగ్ యూనిట్లే. మా మామది కూడా అలాంటిదొకటి. బండలు చదరపు అడుగుల లెక్కన వెంటనే పోతాయి, డబ్బులు మాత్రం వానలు పడ్డాకో, కాంట్రాక్టరు బిల్లు పాసయ్యాకో వస్తాయి. అంటే వ్యాపారమంతా బాకీల చిట్టా మీదే నడుస్తుందన్నమాట.

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ఒకసారి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఊరుకోలేక పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో ఒక లెక్కల ప్రోగ్రాం రాసిచ్చా. మామ మురిసిపోయి చిట్టా రాయడం మానేశాడు. "శనివారం శనివారం ఈ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్ మామా" అని చెప్పా. పాపం, ఒక్క వారం కూడా తప్పలేదు.

ఒక ఎండాకాలం హార్డ్‌డిస్క్ పోయింది. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే నా ప్రోగ్రాం ఫైళ్ళు భద్రంగా ఉన్నాయి. లెక్కలు లేవు! మైఎస్‌క్యూఎల్ తన డేటాను వేరే ఫోల్డర్లో పెట్టుకుంటుందని నాకు తెలుసు. మామకి చూపించిన ఫోల్డరు మాత్రం అది కాదు. తప్పు పూర్తిగా నాదే.

ఉగాదికి ప్రింటు తీసిన జాబితా ఉండబట్టి అంతకు ముందువి దక్కాయి. తర్వాతి మూడు నెలల బాకీలకు మామ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "నువ్వెంతియ్యాలో నువ్వే చెప్పప్పా" అని అడుక్కోవాల్సి వచ్చింది. చాలామంది నిజమే చెప్పారు. కొందరు చెప్పలేదు.

మైఎస్‌క్యూఎల్‌ని తిట్టడం లేదు. పదిమంది ఒకేసారి వాడే చోట అలాంటి సర్వరే కావాలి. కానీ ఆఫీసులో డీబీఏ ఉంటాడు, మామ దగ్గర ఎవరున్నారు? ఆఫీసు అలవాట్లను ఇంటికి మోసుకెళ్ళడమే మనతో వచ్చిన చిక్కు.

రెండోసారి ఎస్‌క్యూలైట్‌తో రాశా. దీని పుట్టుక కూడా ఇలాంటి తిప్పల నుంచే. రిచర్డ్ హిప్ అమెరికా యుద్ధనౌక కోసం పని చేస్తున్నప్పుడు, డేటాబేస్ సర్వర్ ఆగితే ఆయన ప్రోగ్రామూ ఆగిపోయేది. అసలు సర్వరే లేకుండా చేద్దామని 2000లో దీన్ని విడుదల చేశాడు. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లోనూ, ఐఫోన్లోనూ ఉంది. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు.

అలాగని రాస్తుండగా ఆ ఫైలును కాపీ చేస్తే చెడిపోవచ్చు. అందుకే ప్రోగ్రాం మూసేటప్పుడు అదే 'వాక్యూమ్ ఇంటూ'తో పెన్‌డ్రైవ్‌లో నకలు తీస్తుంది. డబ్బును దశాంశాల్లో కాకుండా పైసల్లో, పూర్ణాంకాలుగా దాచా. వారానికోసారి బాకీల ప్రింటు కూడా.

ఓపెన్ సోర్స్ అంటే మనవాళ్ళకి 'ఫ్రీ' అన్నదే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఇప్పుడు ఇంకోటి ముఖ్యం. రేపు నేను ఫోన్ ఎత్తకపోయినా, ఊళ్ళో బీటెక్ చదివే ఏ పిల్లాడైనా ఆ ఫైలు తెరిచి మామ లెక్కలు మామకి చెప్పగలడు.

మామ మళ్ళీ చిట్టా కూడా రాస్తున్నాడు. మొదట్లో చిన్నబుచ్చుకున్నా, ఇప్పుడు నేనే రాయమంటున్నా.

మీరూ ఇంట్లోవాళ్ళకి ఇలాంటిదేదైనా రాసిచ్చారా? అయితే ఈ ఆదివారం ఆ పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్లో పెట్టి, లెక్కలు తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూడండి.