ద్రవలోహపు మీగడ

ఇత్తడి చెంబుకు చిలుము పడితే చింతపండుతో తోమివేయుట మనమెరిగినదే. లోహముపై ఏర్పడే అట్టి పొరనే 2017లో మెల్‌బోర్న్‌లోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నిధిగా గ్రహించారు. గాలియం సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. ప్రాణవాయువు సోకగానే ఆ ద్రవముపై, కాగిన పాలపై వలె, ఆక్సైడు మీగడ కడుతుంది. దానిని పలకపై అద్ది, రసాయనచర్యలతో గాలియం సల్ఫైడుగా మార్చి, సుమారు 1.5 నానోమీటర్ల మందము గల అర్ధవాహకాన్ని సాధించారు.

1875లో ఈ మూలకము బయటపడక మునుపే, 1871లో మెండలీవ్ మనకు నిత్యపరిచితమైన సంస్కృత శబ్దముతో దీనికి 'ఏక-అల్యూమినియం' అని పేరిడినాడు. పరదేశి ఆదరించిన శబ్దసంపద మన ఇంట ఉండగా, విజ్ఞానమునకు తెలుగు చాలదని మనమే పలుకుట న్యాయమా? 'మీగడ' అన్న ఒక్క మాటతో విద్యార్థికి బోధపడే విషయమును ఆంగ్లపదాల మాటున దాచుట బోధన కానేరదు.