ఊరిని టౌన్‌లో కలిపే ముందు గ్రామసభను అడిగిన్రా?

పోస్టు కొంచెం పొడుగే, చివరిదాకా చదవండి.

సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా మమ్మల్ని ఒకటే అడుగుతున్నరు. "పంచాయతీ మున్సిపాలిటీలో కలిస్తే రోడ్లొస్తయి, డ్రైనేజీ వస్తది, మీ చదువుకున్నోళ్లకు ఏం నొప్పి?" అని. అడిగేటోళ్లలో మనోళ్లు కూడా ఉన్నరు. రోడ్డు మాకూ కావాలె. కానీ రోడ్డు కోసం గ్రామసభను వదులుకోవాలని ఏ చట్టంలో రాసి ఉంది?

రాజ్యాంగానికి 73వ సవరణ పంచాయతీల కోసం, 74వ సవరణ మున్సిపాలిటీల కోసం వచ్చినయి. రెండూ ఐదో షెడ్యూల్ ప్రాంతాలకు నేరుగా వర్తించవు. మార్పులు చేసి పార్లమెంటు వేరే చట్టం తేవాలె. పంచాయతీలకు 1996లో పెసా వచ్చింది. అందుకే సర్పంచ్ పదవి ఆదివాసీలదే, సీట్లలో సగానికి తగ్గకుండా మనవే. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలె. మున్సిపాలిటీల కోసం 2001లో రాజ్యసభలో బిల్లు పెట్టిన్రు. అది చట్టం కాలేదు.

అంటే విలీనం పేరుతో మనల్ని చట్టం ఉన్న చోటు నుంచి చట్టం లేని చోటికి పంపిస్తున్నరు.

ఇది ఉత్త భయం కాదు. 2020 జనవరిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే పాల్వంచ, మణుగూరు, మందమర్రిలో జరగలేదు. ఓటర్లు ఉన్నరు, పన్ను కట్టేటోళ్లు ఉన్నరు, వార్డు మెంబర్ లేడు. అధికారుల పాలనే. నల్లా రాకపోతే ఎవరిని నిలదీయాలె? 2025లో పాల్వంచను కొత్తగూడెంతో కలిపి కార్పొరేషన్ చేసిన్రు. బోర్డు పెద్దదైతే రాజ్యాంగంలోని 243జడ్‌సీ అధికరణం చెరిగిపోతదా?

ఇంకోటి. ఉపాధి హామీ పని గ్రామాలకే. పంచాయతీ బోర్డు పీకిన రోజు మన అమ్మల జాబ్‌కార్డు ఉత్త కాగితమైతది. ఇంటి పన్ను మాత్రం టౌన్ లెక్కన వస్తది. భూమి రేటు పెరిగితే లాభమంటున్నరు. అమ్ముకునేటోడికి రేటు లాభం, దున్నుకునేటోడికి ఏం లాభం?

మన వైపు తప్పు కూడా ఒప్పుకుందాం. "మున్సిపాలిటీ అయితే 1/70 పోతది" అని మనోళ్లు కొందరు స్టేటస్‌లు పెడుతున్నరు. అది నిజం కాదు. షెడ్యూల్డ్ ఏరియా హద్దులు మార్చాలంటే రాష్ట్రపతి ఉత్తర్వు కావాలె, మున్సిపల్ చట్టంతో కాదు. భూ బదలాయింపు నిషేధం అట్లనే ఉంటది. అబద్ధంతో కొట్లాడితే మన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. కాకపోతే గ్రామసభ లేని చోట ఆ చట్టాన్ని కాపాడే కళ్లు తగ్గుతయి. మన భయం అది.

మేం విలీనాలన్నీ వద్దనడం లేదు. అడిగేవి మూడే. షెడ్యూల్డ్ ఏరియాలో గ్రామసభ తీర్మానం లేకుండా ఏ పంచాయతీనీ కలపొద్దు. మున్సిపాలిటీలకు పెసా లాంటి చట్టం పార్లమెంటు ముందు తేవాలె. అప్పటిదాకా కొత్త విలీనాలు ఆపాలె.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు గ్రామసభ ఎప్పుడు పెట్టిన్రో పంచాయతీ కార్యదర్శిని అడగండి. తీర్మానాల పుస్తకం చూపించమనండి. మన సంతకాలు మనకు తెలియకుండానే పడి ఉన్నయేమో చూడండి. ఆ మాట ఇక్కడ రాయండి.

జై ఆదివాసీ.