రెండో స్కానింగ్ దాకా ఆగే హక్కు ఎవరికి?

'సంచి ఉంది, బిడ్డ కనిపించడం లేదు.' 'గుండె కొట్టుకోవడం లేదు.' నెల తప్పాక తీసిన మొదటి స్కానింగ్‌లో ఈ మాట వింటే ఏ ఆడమనిషికైనా కాళ్ల కింద నేల కదులుతుంది. టేకులపల్లి మండలంలోని దళితవాడ, గూడెం, తండాల నుంచి కూలి పోగొట్టుకుని ఇల్లందుకో కొత్తగూడేనికో వెళ్లిన మనిషికి ఆ మాట తర్వాత ఇంకో ప్రశ్న మొదలవుతుంది: మళ్లీ వచ్చేదెట్లా?

మళ్లీ రావడమే ఇక్కడ కీలకం. గుండె కదలిక సాధారణంగా ఆరో వారంలో కనబడుతుంది. నెలసరి సక్రమంగా రాకపోయినా, పాలిచ్చే తల్లి మళ్లీ గర్భం దాల్చినా వారాల లెక్క తప్పుతుంది. పొట్టపై నుంచి తీసే స్కానింగ్‌లో చిన్న పిండం కనబడకపోవచ్చు. అందుకే పిండం పొడవు 7 మిల్లీమీటర్లకు చేరినా గుండె కదలిక లేకపోతేనో, సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లకు చేరినా పిండం లేకపోతేనో గర్భం నిలవలేదని నిర్ధారిస్తారు. కొలత అంతకన్నా తక్కువుంటే 7 నుంచి 14 రోజులు ఆగి మళ్లీ చూడాలి. అయితే పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, అధిక రక్తస్రావం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆగకూడదు. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. అది ప్రాణాపాయం.

కడుపు పోతే నింద మాత్రం ఆమె మీదే. గ్రహణం నాడు బయటికి వచ్చిందని, మాట వినలేదని అంటారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండం క్రోమోజోముల్లో వచ్చిన లోపమే కారణం. అది ఎవరి తప్పూ కాదు. అదుపులో లేని షుగర్, థైరాయిడ్ సమస్య, మలేరియా, పొగాకు కూడా ముప్పు పెంచుతాయి. ఈ అడవి అంచు పల్లెలకు మలేరియా కొత్త కాదు. ఆ పరీక్షలు సకాలంలో చేయడం సర్కారు బాధ్యత.

మరి పథకాలు? 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ ప్రతి నెలా 9న ఉచిత పరీక్షలు చేస్తుంది, కానీ నాలుగో నెల నుంచే. రాష్ట్ర సర్కారు 2022లో ప్రభుత్వ ఆసుపత్రులకు ఇచ్చిన టిఫా యంత్రాలతో అవయవ లోపాలు చూసేది 18 వారాల తర్వాతే. తొలి వారాల అనుమానం, రెండోసారి స్కానింగ్ ఆ లెక్కల్లో లేవు. డబ్బున్నవాళ్లు ప్రైవేటులో మళ్లీ చూపించుకుంటారు. లేనివాళ్లు మొదటి మాటనే తీర్పుగా తీసుకుంటారు.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉద్యోగినికి గర్భస్రావం తర్వాత ఆరు వారాల వేతన సెలవు ఇచ్చింది. మిర్చి ఏరే కూలి మనిషికి ఒక్క రోజూ లేదు. ఆ పనిలో ఎక్కువమంది ఎవరో మనకు తెలుసు.

మేం అడిగేది పెద్దదేం కాదు. రిపోర్టు మీద కొలతలు, మళ్లీ రావాల్సిన తేదీ రాసివ్వాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. రెండో స్కానింగ్ ఉచితంగా చేయాలి, రాకపోకలకు బండి పెట్టాలి, పోయిన కూలి కట్టివ్వాలి.