పావలా వడ్డీ ఎంత శాతం?

పావలా నాణెం చెలామణీ 2011 జూన్ 30తో ఆగిపోయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అప్పు బేరాల్లో మాత్రం ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది.

పదహారణాల రూపాయిలో పావలా అంటే నాలుగణాలు. నిజాం హాలీ సిక్కాకైనా అంతే, కోదాడ దాటి జగ్గయ్యపేట వెళితే నడిచిన ఇంగ్లిషు రూపాయికైనా అంతే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు అయ్యాక అణా 6.25 పైసలై చిల్లర దగ్గర ఇబ్బంది పెట్టింది కానీ, పావలా సరిగ్గా 25 దగ్గర కుదురుకుంది. నాలుగో వంతు, 0.25, 25 శాతం... ఎలా చెప్పినా ఒకటే.

తిరకాసంతా వడ్డీ దగ్గరే. పావలా వడ్డీ అంటే 25 శాతం కాదు. నూటికి నెలకు పావలా. ఏడాదికి మూడు రూపాయలు, అంటే 3 శాతం. రూపాయిన్నర వడ్డీ 18 శాతం, రెండ్రూపాయలైతే 24 శాతం! బ్యాంకువాళ్లు ఏడాది లెక్క చెబుతారు కాబట్టి '12 శాతం' ఎక్కువనిపిస్తుంది, 'రెండ్రూపాయలు' తక్కువనిపిస్తుంది. లక్ష తెచ్చి, వరి కోతలయ్యేదాకా ఆరు నెలలు వాడుకుంటే ఆ బ్యాంకుకు కట్టే వడ్డీ ఆరు వేలు, వ్యాపారికి పన్నెండు వేలు.